వడ్సా వైపు ఒక రాత్రి: ఝాడీపట్టీ నాటకం చూడాలనుకునే మనవాళ్ల కోసం

దీపావళి దాటి వరికోతలు మొదలయ్యాయంటే మహారాష్ట్రలోని చంద్రపూర్, గడ్చిరోలి, భండారా, గోందియా జిల్లాల్లో నాటకాల కాలం వచ్చినట్టే. దాదాపు హోలీ దాకా సాగుతుంది. ఈ అడవి పల్లెల ప్రాంతాన్నే ఝాడీపట్టీ అంటారు. ఇక్కడ నాటకమంటే పాటల నాటకం. రాత్రి పది ప్రాంతంలో తెర లేస్తే తెల్లవారుజాము దాకా ఆట నడుస్తూనే ఉంటుంది. నటులే నోరారా పాడతారు, వేదిక పక్కనే ఆర్గాన్, తబలా మోగుతుంటాయి. బల్లార్షాలో పేపర్ మిల్లు, బొగ్గు గనుల పనుల మీద వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఇది మాట వరసకే తెలుసు. మాకూ అంతే. మంచిర్యాల నుంచి అత్తమ్మ వచ్చి "ఇక్కడ నాటకాలేం ఆడరా?" అని అడిగాకే కదిలాం. చిన్నప్పుడు చిరుతల రామాయణం చూస్తూ తెల్లవార్లూ కూర్చున్న మనిషి ఆమె.

ఈ నాటకాలకు కేంద్రం వడ్సా, అదే దేసాయిగంజ్. బల్లార్షా నుంచి గోందియా వెళ్లే లైన్లో చాందా ఫోర్ట్, మూల్, సిందేవాహి, నాగ్‌భీడ్, బ్రహ్మపురి దాటితే వస్తుంది. రైలు ప్రయాణం హాయిగా ఉంటుంది కానీ బండ్లు తక్కువ, వేళలు నాటకానికి కుదరవు. కాజీపేట వైపు నుంచి వచ్చేవాళ్లు నేరుగా వెళ్లే బండి దొరక్కపోతే బల్లార్షాలో దిగి మారాలి. మేం ఎస్టీ బస్సులో, అంటే మహారాష్ట్ర ప్రభుత్వ బస్సులో వెళ్లాం. మహారాష్ట్ర ఎస్టీలో 2023 మార్చి నుంచి ఆడవాళ్లకు సగం ఛార్జీ. బస్సు పాతదే, కిటికీ అద్దం సరిగ్గా మూతపడదు, అయినా చెప్పిన వేళకు చేర్చింది. కండక్టర్ అత్తమ్మకు ముందు సీటు ఇప్పించాడు.

బ్రహ్మపురి, వడ్సాల మధ్య వైన్‌గంగ దాటతాం. ఇదే కిందికి పోయి వార్ధా నదితో కలిసి ప్రాణహిత అవుతుంది, కాళేశ్వరం దగ్గర గోదావరిలో చేరుతుంది. ఆ సంగతి చెప్పగానే అత్తమ్మ బస్సులోంచే దండం పెట్టింది.

బస మాత్రం బ్రహ్మపురిలోనే చూసుకోండి. వడ్సాలో మేం ముందు దిగిన లాడ్జిలో దుప్పట్లు మార్చలేదు, వేడినీళ్లు అడిగితే రేపు పొద్దున చూద్దామన్నారు. సామాన్లు తీసుకుని వెనక్కి వచ్చేశాం. బ్రహ్మపురిలో గది చిన్నదే అయినా శుభ్రంగా ఉంది, గీజర్ పనిచేసింది, తెల్లారి ఎప్పుడొచ్చినా తలుపు తీస్తామని మాటిచ్చి నిలబెట్టుకున్నారు. ఇక్కడ గదితో పని రాత్రికి కాదు, మర్నాటి పగటికి. గది తీసుకునేటప్పుడే ఆ మాట మాట్లాడుకోవాలి, లేకపోతే మీరు నిద్రపోయే వేళకి ఖాళీ చేయమంటారు.

వడ్సా బజారులో నాటక మండళ్ల ఆఫీసులు వరసగా కనిపిస్తాయి. బయట పెద్ద బోర్డులు, వాటి మీద నటీనటుల ఫోటోలు. ఊళ్లవాళ్లు వచ్చి ఆట మాట్లాడుకునేది ఇక్కడే. మండై జాతరకో, శంకర్‌పట్ అనే ఎడ్ల పందేలకో ఊరి కమిటీ నాటకం పెట్టిస్తుంది, టికెట్లూ వాళ్లే అమ్ముతారు. ఫలానా రోజు ఏ ఊళ్లో ఏ ఆట ఉందో ఆ ఆఫీసుల్లో అడిగితే ఓపిగ్గా చెప్పారు. ఇంటర్నెట్లో వెతకడం కన్నా ఇదే నయం.

మేం వెళ్లిన ఊళ్లో కోసిన వరి మడినే చదును చేసి చుట్టూ గుడ్డ కట్టారు. కింద కూర్చునేవాళ్లకు ఒక రేటు, కుర్చీలకు ఇంకో రేటు. వేదిక నిజంగా పెద్దది. రంగుల తెరలు, ఇల్లు, గుడి, అడవి, అన్నీ మారుతున్నాయి. కథ అన్నదమ్ముల భూమి తగాదా. మరాఠీ అంతంతమాత్రంగా వచ్చిన అత్తమ్మకూ ఎక్కడా అడ్డు తగల్లేదు. రెండో అంకంలో తల్లి పాత్రధారిణి ఒక్కతే నిలబడి పాట ఎత్తుకుంది. ఆర్గాన్ వాయించే పెద్దాయన ఆమె ముఖం చూస్తూ, ఊపిరి తీసుకునేచోట స్వరం అందిస్తున్నాడు. పైస్థాయికి వెళ్లి ఆమె ఆగినప్పుడు జనం గొంతు కలిపి "వన్స్ మోర్" అన్నారు. మళ్లీ పాడింది, ఈసారి చివర ఇంకో వరస అల్లింది. "ఏం పాడిందే పిల్లా!" అని అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. మన పద్య నాటకాల్లో హార్మోనియం పక్కన పాడిన గొంతుల గురించి విన్నవాళ్లెవరికైనా ఆ క్షణం సొంతదిగానే ఉంటుంది. అందుకే కుర్చీ తీసుకుంటే ఆర్గాన్ ఉన్న వైపే తీసుకోండి, మధ్యలో కన్నా అక్కడే నాటకం బాగా అర్థమవుతుంది.

నచ్చనివీ ఉన్నాయి. అంకాల మధ్య డ్యాన్సులు మరీ ఎక్కువసేపు నడిచి కథ పట్టు సడలింది. కుర్రకారు వాటికోసమే వస్తారు, కమిటీకి టికెట్లు కావాలి, అది అర్థం చేసుకోగలను. స్పీకర్ల మోత మాత్రం అనవసరం, అంత మంచి గొంతులకు అది అన్యాయం. అన్నిటికన్నా ముఖ్యం, ఆడవాళ్లకు మరుగుదొడ్డి లేదు. అన్ని గంటలు కూర్చోబెట్టి ఆ ఏర్పాటు చేయకపోవడం తప్పు. దగ్గర్లోని ఒక ఇంటావిడ పిలిచి తన ఇంట్లోకి తీసుకెళ్లింది కాబట్టి సరిపోయింది. కమిటీవాళ్లకు ఆ మాట మరాఠీలో చెప్పే వచ్చాను.

చలికి స్వెటర్ చాలదు, చెద్దర్లు తీసుకెళ్లండి. ఆట మధ్యలో లేచి బయల్దేరొద్దు. బ్రహ్మపురి, సిందేవాహి అడవుల్లో పులులు మనుషుల మీద పడిన ఘటనలు చాలా ఉన్నాయి, రాత్రిపూట బైకు మీద తిరగడం అసలే మంచిది కాదు. ఊరివాళ్లు కూడా వెలుగొచ్చాకే కదిలారు. మాకు బ్రహ్మపురి నుంచి మాట్లాడుకున్న జీపు అక్కడే ఆగి ఉంది. డ్రైవర్ అడిగిన డబ్బు ఎక్కువే అయినా, రాత్రంతా ఆగినందుకు ఇవ్వొచ్చు. దారిలో పోహా, అంటే అటుకుల ఉప్మా మీద తర్రీ అనే వేడి కారం పులుసు పోసి ఇచ్చారు. అత్తమ్మకు కారం ఎక్కువైంది, నాకు చాలా నచ్చింది.

ఈ కళకు 2023లో పద్మశ్రీ కూడా వచ్చింది. అందుకున్న పరశురామ్ ఖుణే గడ్చిరోలి జిల్లా కళాకారుడే. వడ్సాలో ఆయన పేరు చెబితే జనం ఆగి మాట్లాడతారు.

రాత్రంతా మేల్కోలేనివాళ్లకు చంద్రపూర్‌లో ప్రియదర్శిని సభాగృహం ఉంది. అక్కడ మరాఠీ నాటకాలు ఆడతారు, మెత్తటి కుర్చీలుంటాయి, పెద్దవాళ్లను తీసుకెళ్లడం సులువు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు, చిన్నపిల్లల తల్లులకు అదే చెబుతాను. మిగతా అందరికీ నా సలహా వడ్సానే. అత్తమ్మ అప్పుడే సంక్రాంతి తర్వాత వచ్చే ఆటల తేదీలు కనుక్కోమంది.