హెల్సింకీ, లిస్బన్, పారిస్: స్టార్టప్ మేళాకి బయల్దేరేవాళ్ల దారి లెక్కలు

స్టార్టప్ మేళాలో చెక్కు చేతికి రాదు. అక్కడ దొరికేది ఇన్వెస్టరుతో పావుగంట మాట, అదీ ముందే కుదుర్చుకున్నవాళ్లకి. ఈ సంగతి ఒప్పుకుంటే ఏ ఊరు వెళ్లాలి, ఎక్కడ బస చేయాలి, ఎన్ని రోజులు ఉండాలి అన్న ప్రశ్నలు సగం తేలిపోతాయి. ఐరోపాలో బాగా పేరుపడ్డ మేళాలు మూడు: హెల్సింకీలో స్లష్, లిస్బన్‌లో వెబ్ సమ్మిట్, పారిస్‌లో వివాటెక్. వెబ్‌సైట్లు చూస్తే మూడూ ఒకే తల్లి పిల్లల్లా ఉంటాయి. వెళ్లి చూస్తే దేని తీరు దానిదే.

పెట్టుబడి కోసమే వెళ్తున్నట్లయితే హెల్సింకీ. 2008లో చిన్నగా మొదలైన స్లష్‌ని ఇప్పటికీ ఎక్కువగా విద్యార్థులు, వాలంటీర్లే నడిపిస్తారు. నవంబరులో ఆ ఊరి వీధుల్లో సగం కరిగి బురదైన మంచుని స్లష్ అంటారు, మేళాకి పేరు అక్కణ్ణుంచే వచ్చింది. కాబట్టి సూటు కంటే ముందు నీళ్లు లోపలికి రాని బూట్లు సర్దుకోవాలి. వచ్చేది 13 వేల మంది దాకా. మిగతా రెండు మేళాలతో పోలిస్తే ఇది చిన్న జనమే, కానీ అందులో ఇన్వెస్టర్ల వాటా ఎక్కువ. అందరూ రెండు రోజులు ఒకే కప్పు కింద ఉంటారు.

ఇక్కడ అసలు పని మేళా యాప్‌లో జరుగుతుంది. మేళాకి ముందే మీటింగులు కుదుర్చుకునే వ్యవస్థ తెరుచుకుంటుంది. తెరుచుకున్న మొదటి రోజుల్లోనే అడగాలి. ఆఖరి వారం దాకా ఆగితే పెద్ద ఫండ్ల (ఇతరుల సొమ్ము పోగుచేసి కంపెనీల్లో పెట్టే సంస్థల) ఖాళీ వేళలు నిండిపోయి ఉంటాయి. అడిగే సందేశం మూడు వాక్యాలు దాటకూడదు: ఏం చేస్తున్నారు, ఇప్పటిదాకా ఏ అంకె సాధించారు, ఎంత సొమ్ము దేనికి. ‘మీ ఫండ్ అంటే మాకు ఎంతో అభిమానం’ వంటి మొదటి వాక్యం చూడగానే అవతలివాళ్లు తరవాతి సందేశానికి వెళ్లిపోతారు. మీటింగులు వరసగా పెట్టుకోవడం ఇంకో పొరపాటు. ఒక బల్ల దగ్గర్నుంచి ఇంకో బల్లకి జనంలో నడిచి వెళ్లడానికి, విన్నది రాసుకోవడానికి కనీసం పది నిమిషాలు కావాలి. లేకపోతే సాయంత్రానికి ఎవరు ఏమన్నారో కలగాపులగమైపోతుంది. రోజుకి ఎనిమిది మీటింగులు దాటితే తొమ్మిదో మనిషికి దక్కేది అరిగిపోయిన రికార్డు.

ఇన్వెస్టరు అడిగేవాటికి అందరూ సిద్ధమై వెళ్తారు. తిరిగి అడగాల్సినవాటినే మర్చిపోతారు. ఫండ్ ఏ ఏడాది మొదలైంది? సాధారణంగా ఫండ్ ఆయుష్షు పదేళ్లు, అందులో కొత్త కంపెనీల్లో పెట్టేది మొదటి మూడు నుంచి ఐదేళ్లలోనే. ఆరో ఏడులో ఉన్న ఫండ్ ప్రతినిధి ఎంత ఆప్యాయంగా మాట్లాడినా కొత్త చెక్కు రాసే అవకాశం తక్కువ. మొదటి చెక్కు ఎంత ఉంటుంది? రౌండుని (ఒక విడత పెట్టుబడి సేకరణని) ముందుండి నడిపిస్తారా, ఎవరో ముందుకొస్తే వెనక చేరతారా? ఎదురుగా కూర్చున్న మనిషి నిర్ణయం తీసుకునే పార్ట్‌నరా, పరిశీలించి చెప్పే అనలిస్టా? అనలిస్టు అయితే చిన్నచూపు చూడనక్కర్లేదు. రేపు లోపల మీ తరఫున మాట్లాడేది ఆ మనిషే. అయితే ఆ మనిషి ‘సరే’కి, ఫండ్ ‘సరే’కి మధ్య ఇంకా చాలా గడపలుంటాయి.

మాట ముదిరితే సేఫ్ పత్రం ప్రస్తావన వస్తుంది, అంటే ఇప్పుడు సొమ్ము తీసుకుని వాటా తరవాతి రౌండులో ఇస్తామనే ఒప్పందం. దీన్ని 2013 చివర్లో అమెరికాలో స్టార్టప్‌లకి ఊతమిచ్చే వై కాంబినేటర్ తెచ్చింది, 2018లో పోస్ట్-మనీ పద్ధతికి, అంటే సేఫ్‌ల సొమ్ము కూడా కలిపి కంపెనీ విలువ కట్టే పద్ధతికి మార్చింది. లెక్క సులువు: 50 లక్షల యూరోల పోస్ట్-మనీ క్యాప్ (వాటా లెక్కకి తీసుకునే గరిష్ఠ విలువ) మీద 5 లక్షలు తీసుకుంటే ఇచ్చేది 10 శాతం. చిక్కంతా ఆ సులువులోనే ఉంది. ఇలాంటివే మూడు సంతకాలు చేస్తే 30 శాతం పోతుంది. ఆ కోతని సేఫ్‌లు ఒకదానితో ఒకటి పంచుకోవు, అది మొత్తం పాత వాటాదారుల మీద, అంటే ఎక్కువగా ఫౌండర్ల మీదే పడుతుంది. పారిస్‌లో ఇదే మాట బీఎస్ఏ ఎయిర్ అనే ఫ్రెంచి పత్రం పేరుతో వినిపించవచ్చు. దేనికైనా సరే, మేళా హాల్లో నిలబడి క్యాప్ అంకె ఒప్పుకోవద్దు.

హెల్సింకీలో బస విషయం తేలిక. మేళా జరిగే మెస్సుకెస్కుస్ పసిలా స్టేషను నుంచి నడక దూరం. విమానాశ్రయం నుంచి ఐ, పి రైళ్లు రెండూ పసిలాలో ఆగుతాయి, అరగంట లోపు ప్రయాణం. విమానాశ్రయం సి జోన్‌లో ఉంది కాబట్టి ఏబీసీ టికెట్ కొనాలి. గేట్లేమీ ఉండవు గానీ తనిఖీ వాళ్లు ఎక్కుతారు. పసిలాలో గది దొరక్కపోతే కంగారు పడక్కర్లేదు, సెంట్రల్ స్టేషను తరవాతి స్టాపే. పైగా సాయంత్రపు చిన్న సమావేశాలు చాలావరకు అటువైపే ఉంటాయి. నవంబరు మూడో వారంలో పొద్దు పొడిచేది ఎనిమిదిన్నర దాటాక, కుంకేది మూడున్నరకి. హాలు లోపలా చీకటీ రంగు దీపాలే. రెండో రోజుకి మనసు మందగించడం మామూలే, కాబట్టి ముఖ్యమైన మీటింగుల్ని మొదటి రోజు పొద్దున పెట్టుకోవడం మంచిది.

లిస్బన్ లెక్క వేరు. డబ్లిన్‌లో పుట్టిన వెబ్ సమ్మిట్ 2016లో ఇక్కడికి మారింది. వచ్చేది 70 వేల పైచిలుకు జనం. ఇన్వెస్టర్లూ వస్తారు, కానీ ఆ సముద్రంలో వాళ్లని వెతికి పట్టుకోవడమే ఒక ఉద్యోగం. విలేకరులు, భాగస్వాములు, ఉద్యోగంలో చేరాలనుకునేవాళ్లు మాత్రం పుష్కలంగా తగులుతారు. తొలిదశ కంపెనీల్ని ఆల్ఫా అనే తరగతిలో చేర్చుకుని ఒక్క రోజుకి చిన్న బూత్ ఇస్తారు. ఆ ఒక్క రోజుకి ఇద్దరైనా ఉండాలి: ఒకరు బూత్‌లో, ఒకరు తిరుగుతూ. ఒంటరిగా వెళ్తే బాత్రూముకి వెళ్లిన ఐదు నిమిషాల్లోనే రావాల్సిన మనిషి వచ్చి వెళ్లిపోయే ప్రమాదం ఉంది. బోర్డు మీద కంపెనీ పేరు పెద్దదిగా వేయించుకోవాలనిపిస్తుంది. కానీ పేరు ఎవరికీ తెలియదు. ఏం చేస్తారో చెప్పే ఒక్క వాక్యం కంటి ఎత్తులో ఉండాలి, పేరు కింద చిన్నదిగా ఉన్నా నష్టం లేదు.

మేళా జరిగే మేఓ అరీనా, పక్కనే ఉన్న ఫిల్ ప్రదర్శన హాళ్లు, రెండూ ఒరియెంతె స్టేషను దగ్గరే. విమానాశ్రయం నుంచి మెట్రో ఎర్ర లైన్‌లో అది మూడో స్టాపు. ఫొటోల్లో పాతబస్తీ అల్ఫామా సందులు చూసి అక్కడ గది తీసుకునేవాళ్లు చాలామంది. ఎక్కుడు దారులు, రాళ్లు పరిచిన కాలిబాటలు, చక్రాల పెట్టె, నవంబరు వాన: ఈ నాలుగూ కలిస్తే అందం మొదటి రాత్రికే ఆవిరి. అలమెదా, సల్దాన్యా చుట్టుపక్కల ఉంటే ఎర్ర లైన్‌లో నేరుగా వెళ్లొచ్చు, ఊళ్లోకి వెళ్లే వేరే లైన్లూ అక్కడే మారవచ్చు. గది అద్దెతో పాటు మనిషికి రాత్రికి 4 యూరోల నగర పన్ను ఉంటుంది, బుకింగ్ మొత్తంలో కలిసిందో లేదో చూసుకోవాలి.

పారిస్‌ది పెద్ద కంపెనీల సంత. 2016 నుంచి నడుస్తున్న వివాటెక్‌లో బడా సంస్థలు తమ సమస్యల్ని ముందుగానే ప్రకటించి, పరిష్కారం ఉన్న స్టార్టప్‌ల్ని ఎంచుకుని తమ స్టాల్లోనే చోటిస్తాయి. సంస్థలకి అమ్మే సరుకు ఉన్నవాళ్లు ఆ దరఖాస్తుల గడువుల్ని నెలల ముందు నుంచే గమనించాలి. సొంత స్టాల్ కంటే అదే మేలైన దారి. ఆఖరి రోజు శనివారం, మామూలు జనానికి కూడా తలుపులు తెరుస్తారు. సందడి బాగుంటుంది, పని జరగదు, కాబట్టి మీ పని శుక్రవారంతో ముగిసినట్టే. స్థలం పోర్త్ ద వెర్సాయ్. మెట్రో 12వ లైన్ తిన్నగా అక్కడికే వెళ్తుంది గానీ షార్ల్ ద గోల్ విమానాశ్రయం నుంచి పెట్టెలతో వచ్చేవాళ్లకి మోంపర్నాస్‌లో లైను మారడం శిక్షే, అంత పొడుగు నడవాలు. ఆర్‌ఈఆర్ బి అనే శివారు రైల్లో సితే యూనివర్సితేర్ దాకా వచ్చి టీ3ఎ ట్రామ్ ఎక్కితే ఒక్కసారి మారితే చాలు.

మూడూ షెంగెన్ దేశాలే, అంటే ఒకే వీసాతో తిరగగలిగేవి. వీసాకి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందు చేయాలి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, కొన్నిటికి 45 దాకా పట్టవచ్చు. ప్రయాణ వైద్య బీమా కనీసం 30 వేల యూరోలకి ఉండాలి. 2025లో వెబ్ సమ్మిట్ నవంబరు 10 నుంచి 13 దాకా, స్లష్ 19, 20 తేదీల్లో జరిగాయి. ఇలా దగ్గర పడితే రెండూ ఒకే ప్రయాణంలో చుట్టేయాలనిపిస్తుంది. అప్పుడు ఎక్కువ రోజులు ఉండే దేశానికే దరఖాస్తు పెట్టాలి, రోజులు సమానమైతే ముందు దిగే దేశానికి. కానీ ఇద్దరు మనుషుల కంపెనీకి ఈ జంట యాత్ర గిట్టుబాటు కాదు. మొదటి మేళాలో కలిసినవాళ్లకి రాయాల్సిన ఉత్తరాలు రెండో మేళా హడావుడిలో మూలపడతాయి.

హాల్లో వైఫైని నమ్ముకోవద్దు. వేల ఫోన్లు ఒకే గాలి తరంగాల్ని పంచుకుంటుంటే లైవ్ డెమో చక్రం తిరుగుతూనే ఉంటుంది. రెండు నిమిషాల డెమో వీడియో ఫోన్లోనే దించి ఉంచుకోవాలి, డెక్ (కంపెనీని పరిచయం చేసే స్లైడ్లు) కొన్ని ఎంబీలు మించని పీడీఎఫ్‌గా ఉండాలి. తిరుగు విమానం మేళాలో మీ పని ముగిసిన మర్నాటి సాయంత్రానికి తీసుకుంటే ఆ పగలు రెండు పనులకి పనికొస్తుంది: హాల్లో కుదరని ఒకటి రెండు మాటలు బయట ముగించడానికి, మిగిలినవాళ్లందరికీ ఎవరితో ఏం మాట్లాడుకున్నారో గుర్తుచేసే ఒక వాక్యంతో, అడిగిన అంకెలు జతచేసి, మెయిళ్లు పంపడానికి.