చొన్నబోట్ మత్‌మీ పట్టు: ఏళ్ల తరబడి వాడాక చెబుతున్నా

ముందే చెప్పేస్తాను. చెట్టూచేమల నుంచి తీసిన సహజ రంగులద్దిన థాయ్ పట్టు కొనేటప్పుడు అందరూ రంగు గురించే అడుగుతారు, దారం గురించి ఎవరూ అడగరు. అడగాల్సింది దారం గురించి. బ్యాంకాక్‌లో ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఈ బట్ట కొంటున్నాను. కుర్తాలు కుట్టించుకుని ఆఫీసుకి, పెళ్లిళ్లకి, హైదరాబాద్ వచ్చినప్పుడు మండుటెండలో కూడా వేసుకుని తిరిగాను, నా చేతులతోనే ఉతుక్కున్నాను, కాబట్టి ఒంటి మీద ఇది ఎలా ఉంటుందో, ఎక్కడ చిరుగుతుందో, ఏ రంగు నిలుస్తుందో ధైర్యంగా చెప్పగలను.

నేను మాట్లాడేది ఈశాన్య థాయ్‌లాండ్‌లోని ఖోన్ కేన్ ప్రావిన్స్‌లో చొన్నబోట్ చుట్టుపక్కల పల్లెల మత్‌మీ సరుకు గురించి, అంటే దారానికి ముందే ముడులు కట్టి రంగులద్ది నేసే పట్టు. వరి కోతలయ్యాక ఆడవాళ్లు మగ్గం ఎక్కడం అక్కడ పాత అలవాటు, స్తంభాల మీద కట్టిన ఇంటి కింద ఖాళీలోనే మగ్గం ఉంటుంది. 2018లో వరల్డ్ క్రాఫ్ట్స్ కౌన్సిల్ ఖోన్ కేన్‌కి మత్‌మీ నేత కోసమే వరల్డ్ క్రాఫ్ట్ సిటీ హోదా ఇచ్చింది. ఇవ్వాల్సిందే అనిపిస్తుంది ఆ పని దగ్గర నుంచి చూస్తే.

ఇప్పుడు దారం సంగతి. థాయ్ నాటు పట్టుపురుగు కాయ పసుపుపచ్చగా, చిన్నగా ఉంటుంది, నాంగ్ నోయ్, నాంగ్ లాయ్ లాంటి రకాలు. కుండలో వేడినీళ్లు, అందులో కాయలు, ఒక చేత్తో పంగ ఉన్న చెక్కతో కాయల్ని నొక్కి పడుతూ రెండో చేత్తో దారం లాగుతుంటారు, అది కుండ మీది చిన్న కప్పీ గుండా వచ్చి పక్కనున్న బుట్టలో పడుతుంది. ముందు వచ్చే పై పొర దారం మొద్దుగా, ముడులు ముడులుగా ఉంటుంది, లోపలికి పోయేకొద్దీ సన్నగా, మెత్తగా వస్తుంది, రెండూ విడివిడిగా తీస్తారు. దారం అయిపోయిన కాయలోంచి బయటపడ్డ పురుగుల్ని వేడివేడిగా అక్కడే తినేస్తారు, నాకూ పెట్టారు, తిన్నాను, వేయించిన పల్లీ రుచి ఉంది.

ఇలా చేత్తో తీసిన దారం ఎక్కడా ఒకే మందంలో ఉండదు. బట్టకి ఆ బరువు, ఆ గరుకు అందువల్లే వస్తుంది. అయితే చాలా ఇళ్లల్లో పేకకి (అడ్డం పోగులకి) మాత్రమే ఈ దారం వాడి, పడుగుకి (నిలువు పోగులకి) మిల్లు దారం కొనుక్కుంటారు, నేత తొందరగా సాగుతుంది, పోగులు తెగవు. తప్పేం కాదు, వాళ్ల కష్టం వాళ్లది. కానీ నా దగ్గర రెండు రకాలూ ఉన్నాయి, తేడా స్పష్టంగా కనిపిస్తోంది. మిల్లు పడుగు కుర్తాకి చంకల దగ్గర కుట్టు పక్కన పోగులు జరిగిపోయి జాలీలా విచ్చుకుంది, లోపల లైనింగ్ వేయించి మళ్లీ కుట్టించాల్సి వచ్చింది. పడుగూ పేకా రెండూ చేత్తో తీసిన దారమే అయిన కుర్తా మొదట్లో కాస్త గుచ్చుకున్నట్టుండేది, ఉతికేకొద్దీ మెత్తబడి ఇప్పుడు నా బీరువాలో అన్నిటికంటే హాయిగా ఉండేది అదే, కుట్టు ఒక్కచోట కూడా కదల్లేదు.

కొట్లో దీన్ని కనిపెట్టడం కొత్తవాళ్లకి కష్టం. అందుకే నెమలి ముద్ర చూడండి. సిరికిత్ రాణి చొరవతో వచ్చిన ముద్ర అది, నాలుగు రంగుల్లో ఉంటుంది. బంగారు నెమలి ఉంటే పడుగూ పేకా రెండూ నాటు పట్టే, దారం చేత్తో తీసింది, నేసింది చేమగ్గం మీద అని అర్థం. ఆకుపచ్చ నెమలి అయితే పట్టులో వేరే దారం కలిసింది. ఒక్క విషయం మర్చిపోకండి, బంగారు నెమలి ఉన్నంత మాత్రాన చెట్టు రంగేనని కాదు, హాని చేయని రసాయన రంగుకీ అది ఇస్తారు. రంగు గురించి విడిగా అడగాలి.

రంగుల్లో నాకు బాగా నచ్చింది లక్క ఎరుపు. నిద్రగన్నేరు చెట్ల కొమ్మల మీద పెంచిన లక్క, అంటే లాడ్ బజార్ గాజులకి వాడే లక్క కుటుంబమే. దాన్ని దంచి, నానబెట్టి, రంగు నీళ్లు వడకట్టి, పులుపు కోసం చింతాకు, రంగు పట్టడానికి పటిక వేసి ఉడికిస్తారు. ఇన్నేళ్లలో ఎండకి దాదాపు తగ్గలేదు. అయితే సోడా ఉన్న సబ్బు అస్సలు పడదు. ఒక లాండ్రీలో మరక తీస్తామని మామూలు డిటర్జెంట్‌తో రుద్దితే అంతమేర ఎరుపు కాస్తా ఊదాగా తిరిగింది, ఎంత బాధేసిందో. చింతపండు రసం బాగా పల్చగా కలిపిన నీళ్లలో ముంచితే చాలావరకు వెనక్కి వచ్చింది గానీ అంచున చిన్న నీడ మిగిలిపోయింది.

నీలిమందు బట్ట మొదట్లో మెడకి, చేతులకి నీలం అంటిస్తుంది, తెల్ల దుపట్టా వేసుకోకండి. కొన్ని ఉతుకుల తర్వాత ఆగిపోతుంది. పనస చేవ పసుపు చూడ్డానికి చాలా బాగుంటుంది, అడవి మఠాల్లో భిక్షువుల వస్త్రాలకి వేసేది కూడా అదే, కానీ ఆఫీసులో కిటికీ వైపు ఉండే నా ఎడమ భుజం కుడి భుజం కంటే పాలిపోయింది. ఆకుపచ్చ కొనేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి, నీలిమందు మీద పసుపు రంగు వేస్తేనే ఆ ఆకుపచ్చ వస్తుంది, పసుపు రంగు ముందు తగ్గుతుంది కాబట్టి కొన్నేళ్లకి బట్ట నీలం వైపు జరుగుతుంది. నాకది నచ్చింది, అందరికీ నచ్చకపోవచ్చు.

నేత గురించి పోచంపల్లి తెలిసినవాళ్లకి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఇక్కడ పేకకి మాత్రమే కట్లు కడతారు, పడుగు ఒకే రంగు. పేక దారాన్ని చట్రానికి చుట్టి, డిజైన్ ప్రకారం ప్లాస్టిక్ నారతో (ఇదివరకు అరటి నారతో) ముడులు వేసి, రంగులో ముంచి, కొన్ని విప్పి, మళ్లీ కట్టి, ఇంకో రంగులో ముంచి, కండెలకి వరసగా చుట్టి అప్పుడు మగ్గం దగ్గర కూర్చుంటారు. నాడె వేసిన ప్రతిసారీ పోగుని అటోఇటో కాస్త జరిపి డిజైన్ కలుపుతారు, ఆ జరిపిన మిగులు అంచుల దగ్గర చిన్న చిన్న ఉచ్చుల్లా కనిపిస్తుంది. నేను కొనేముందు మొదట చూసేది ఆ అంచే. డిజైన్ గీతలు అడ్డంగా ఈకల్లా చెదిరి ఉండాలి, రెండు వైపులా ఒకేలా కనిపించాలి. ఒక వైపు వెలిసినట్టుంటే అది ప్రింటు, బ్యాంకాక్ మార్కెట్లలో గుట్టలుగా ఉంటుంది.

ఇబ్బందులు కూడా చెప్పాలి. వెడల్పు సుమారు మీటరే. అక్కడి ఆడవాళ్లు సిన్ (నడుముకి చుట్టుకునే పొడవాటి పావడా) కట్టుకోవడానికి నేసే ముక్కలు కాబట్టి చీర కావాలంటే విడిగా నేయించుకోవాలి, నెలలు పడుతుంది. అయిపోయిన రంగు మళ్లీ అదే ఛాయలో దొరకదు, బెరడు ఏ కాలంలో కొట్టారన్న దాన్ని బట్టి కూడా మారుతుంది, అందుకే కుర్తాకి, చున్నీకి కలిపి ఒకేసారి కొనేయండి. కొత్త బట్టకి పొగ, నీలిమందు తొట్టి వాసన కొన్నాళ్లుంటుంది. ధర వేల బాట్లలో ఉంటుంది, నేసే ఇంటి దగ్గర కొంటే బేరం ఆడకండి, రోజుకి మీటరు కూడా సాగని పని అది.

ఉతకడానికి నాకు కుంకుడు రసాన్ని మించింది దొరకలేదు, బ్యాంకాక్‌కి ఇంటి నుంచి తెచ్చుకుంటాను. చన్నీళ్లలో ముంచి తీయాలి, పిండకూడదు, నీడన ఆరేసి కాస్త తడి ఉండగానే తిరగేసి ఇస్త్రీ చేయాలి. సెంటు బట్ట మీద కొట్టకండి, మచ్చ పోదు.

వెళ్లాలనుకుంటే నవంబరు చివర్లో మొదలయ్యే ఖోన్ కేన్ పట్టు ఉత్సవం సమయంలో వెళ్లండి, చుట్టుపక్కల పల్లెల సరుకంతా ఒకేచోట చూడొచ్చు, నచ్చిన చేతిపని ఎవరిదో కనుక్కుని తర్వాత వాళ్ల ఊరే పోవచ్చు. నేనైతే ఈసారి పడుగు కూడా చేత్తో తీసిన దారమే కావాలని చెప్పి, లక్క ఎరుపులో ఇంకో ముక్కకి అడ్వాన్స్ ఇచ్చి వచ్చాను.