డ్రైవర్ల జీతాల పట్టిక చూపించి ‘ప్రో రేసర్ ప్యాకేజీ’ అమ్ముతున్నారు: డబ్బు కట్టేముందు ఇది చదవండి

మీ ఇంట్లో ఎవరైనా కార్ రేసింగ్ నేర్చుకుంటున్నారా? ‘రెండు సీజన్లలో జీతం తీసుకునే డ్రైవర్‌ని చేస్తాం’ అని ఎవరైనా మీకు ప్యాకేజీ అమ్మజూస్తున్నారా? అయితే సంతకం పెట్టేముందు కాస్త ఆగండి. ఇలాంటి ప్యాకేజీయే మా తమ్ముడికి అమ్మారు. వాడు బాగా నడుపుతాడు, అందులో ఎవరికీ అనుమానం లేదు. వాడి నైపుణ్యాన్నే ఎర చేసుకుని ఇంట్లోవాళ్ల చేత పెద్ద మొత్తం కట్టించారు. వ్యవహారం లాయర్ దగ్గర ఉంది కాబట్టి ఆ సంస్థ పేరు రాయడం లేదు. వాళ్లు అమ్మే పద్ధతి మాత్రం అందరికీ తెలియాలి.

వాళ్ల బ్రోచర్‌లో మూడో పేజీ అంతా జీతాల పట్టికే. పైన వెర్‌స్టాపెన్, కింద హామిల్టన్, ఆ కింద నోరిస్, ఇలా కార్ రేసింగ్‌లో అన్నిటికంటే పై మెట్టయిన ఫార్ములా వన్ డ్రైవర్లు పదిమంది. పట్టిక చివర పెద్ద అక్షరాల్లో ‘ప్రొఫెషనల్ డ్రైవర్ సగటు ఆదాయం’ అని ఒక అంకె. ఆ సగటు ఎక్కడిదా అని నేను కూర్చుని కూడి చూశాను. ఆ పదిమందివి కలిపి పదితో భాగించారు, అంతే. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ సంపాదించే పదిమంది సగటును ‘ప్రొఫెషనల్ డ్రైవర్ సగటు’ అని రాసి, పద్దెనిమిదేళ్ల కుర్రాడి చేతిలో పెట్టారు. ఇది పొరపాటున జరిగే పని కాదు.

ఆ అంకెల సంగతి కూడా చెప్పాలి. ఫార్ములా వన్ జట్లు డ్రైవర్ల జీతాలను అధికారికంగా బయటపెట్టవు. మనం చూసేవన్నీ ఫోర్బ్స్ లాంటి పత్రికలు వేసే అంచనాలు. 2024కి ఫోర్బ్స్ అంచనా ప్రకారం వెర్‌స్టాపెన్‌కు జీతం 6 కోట్ల డాలర్లు, బోనస్ 1.5 కోట్లు, మొత్తం 7.5 కోట్ల డాలర్లు. హామిల్టన్‌కు 5.7 కోట్లు. ఈ అంచనాలు నిజానికి దగ్గరగానే ఉండొచ్చు. కానీ 2025 వరకు ఫార్ములా వన్‌లో ఉన్న సీట్లు 20. 2026లో పదకొండో జట్టు రావడంతో 22 అయ్యాయి. మొత్తం ప్రపంచానికి ఉన్నవి ఇన్నే. ఆ ఇరవై మందిలో కూడా కొత్తగా వచ్చినవాళ్ల జీతం పై వరుస వాళ్ల జీతంలో చిన్న ముక్క. పైగా సీటు దొరికినవాళ్లకు సూపర్ లైసెన్స్ (ఫార్ములా వన్‌లో నడపడానికి కావాల్సిన అనుమతి) ఫీజు ఒకటి ఉంటుంది, అంతకుముందు ఏడాది తెచ్చుకున్న పాయింట్లను బట్టి అది పెరుగుతుంది. 2023లో 575 పాయింట్లు కొట్టిన వెర్‌స్టాపెన్‌కు 2024 లైసెన్స్ ఫీజు దాదాపు 12 లక్షల యూరోలు అయింది. కొన్ని జట్లు దీన్ని తామే కడతాయి, కొన్ని కట్టవు.

బ్రోచర్‌లో ఒక్క ముక్క కూడా లేని విషయం ఇంకొకటి ఉంది. అసలు చూడాల్సింది అదే. ఫార్ములా వన్ కింద ఉన్న మెట్ల మీద డబ్బు జట్టు నుంచి డ్రైవర్‌కు రాదు, డ్రైవర్ నుంచి జట్టుకు పోతుంది. ఫార్ములా 4, ఫార్ములా 3, ఫార్ములా 2, ఎక్కడైనా సీటు కావాలంటే డ్రైవరో, తల్లిదండ్రులో, స్పాన్సరో, ఏదైనా పెద్ద జట్టు జూనియర్ ప్రోగ్రామో డబ్బు కట్టాలి. ఫార్ములా 2లో ఒక్క సీజన్ సీటుకే ఖర్చు 20 లక్షల యూరోలు దాటుతుంది. పోనీ అంత పెట్టి గెలిస్తే? ఛాంపియన్ అయినవాడు మళ్లీ ఫార్ములా 2లో పోటీ చేయకూడదని నిబంధన. 2022 ఛాంపియన్ ఫెలిపే డ్రుగోవిచ్‌కు మరుసటి ఏడాది ఫార్ములా వన్‌లో రేస్ సీటు దొరకలేదు, రిజర్వ్ డ్రైవర్‌గా ఉండిపోయాడు. 2023 ఛాంపియన్ తియో పుర్షేర్‌దీ అదే దారి. 2019 ఛాంపియన్ నిక్ డి వ్రీస్‌కు 2023లో పూర్తికాలం సీటు దొరికింది కానీ పది రేసులకే జట్టు తీసేసింది. వీళ్లు ఆ మెట్టు మీద అందరినీ ఓడించినవాళ్లు! వాళ్లకే అలా ఉంటే, మొదటి మెట్టు ఎక్కని కుర్రాడికి రెండు సీజన్లలో జీతం గ్యారంటీ అని ఎలా రాసిస్తారు?

ఎలా రాసిచ్చారో అగ్రిమెంట్ చూశాకే అర్థమైంది. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి.

అగ్రిమెంట్‌లో ‘డ్రైవర్ రిటైనర్’ అనే పేరుతో నెలనెలా జీతం ఇస్తామని స్పష్టంగానే ఉంది. అది చూసే ఇంట్లో అందరూ ధైర్యం తెచ్చుకున్నారు. మొదటి జీతం పడినరోజు తమ్ముడు బ్యాంకు మెసేజ్ ఫొటో తీసి బంధువులందరికీ పంపాడు. అమ్మ ఎంత సంతోషపడిందో చెప్పలేను. కానీ ఒప్పందం వెనక అనుబంధం ఒకటి ఉంది, చిన్న అక్షరాల్లో. అందులో ఉన్నది ఇదీ: రిటైనర్‌ను ‘ప్రోగ్రామ్ ఫీజు ఖాతా’ నుంచి చెల్లిస్తారు, చెల్లించే ప్రతిసారీ మేనేజ్‌మెంట్ ఛార్జీ మినహాయిస్తారు. ప్రోగ్రామ్ ఫీజు అంటే మేం కట్టిన డబ్బే. అంటే మా డబ్బునే కొంత కోసుకుని, మిగిలింది ముక్కలు ముక్కలుగా మాకే వెనక్కిస్తూ దానికి జీతం అని పేరు పెట్టారు. మన వేలితో మన కన్నే పొడవడం అంటే ఇదే.

ఆ జీతమైనా చివరిదాకా రాలేదు. ప్రాక్టీస్‌లో వెనక నుంచి ఇంకో కారు గుద్దింది. వీడి కారు అదుపు తప్పి గోడకు తగిలి ముందు రెక్క, ఎడమవైపు సస్పెన్షన్ పోయాయి. తప్పు ఎవరిదైనా సరే, కారుకు జరిగిన నష్టం డ్రైవర్ ఖాతాలోనే పడుతుందని అదే అనుబంధంలో ఉంది. ‘డ్యామేజ్ ఖాతా’ తీరేదాకా రిటైనర్ ఆపేస్తామనీ ఉంది. బిల్లులో ఏ భాగానికి ఎంతో విడిగా రాయలేదు, మొత్తం కలిపి ఒకే అంకె. పాత భాగాలు చూపించమంటే పారేశామన్నారు. రేసింగ్‌లో డ్యామేజ్ ఖర్చు డ్రైవర్ భరించడం మామూలే, నేను దాన్ని తప్పుబట్టడం లేదు. కానీ నిజాయితీగా నడిచేచోట ఆ ఖర్చుకు ముందే గరిష్ఠ పరిమితి రాసుకుంటారు, భాగాల వారీగా బిల్లు ఇస్తారు. ఇక్కడ రెండూ లేవు.

సీటు మాటేమిటి అంటే, ‘లభ్యతను బట్టి’ అన్న రెండు పదాలు. ఏ ఛాంపియన్‌షిప్, ఏ జట్టు, ఎన్ని రేసులు అన్నది ఎక్కడా లేదు. ఒప్పందం గట్టిగా ఉన్నవాళ్లకే ఈ రంగంలో ఏమైందో చూడండి. 2015లో ఆస్ట్రేలియా గ్రాండ్ ప్రీకి ముందు, తనకు కాంట్రాక్టు ఉన్నా సౌబర్ జట్టు సీటు ఇవ్వడం లేదని గీడో వాన్ డర్ గార్డ్ విక్టోరియా సుప్రీంకోర్టుకెళ్లాడు. ఉన్నవి రెండు సీట్లు, జట్టు వేరే ఇద్దరిని ఖాయం చేసుకుంది. కోర్టు అతని పక్షానే తీర్పిచ్చింది. అయినా చివరికి అతను పరిహారం తీసుకుని తప్పుకున్నాడు తప్ప కారెక్కలేదు. ఇక 2007 ప్రపంచ ఛాంపియన్ కిమి రైకోనెన్ 2013లో లోటస్ జట్టుకు రేసు గెలిచిపెట్టి కూడా, ఆ ఏడాది తనకు ఒక్క యూరో జీతం ముట్టలేదని బాహాటంగా చెప్పాల్సి వచ్చింది. ప్రపంచ ఛాంపియన్‌కే జీతం ఆగిపోయిన ఆటలో ‘లభ్యతను బట్టి’ అన్న మాటకు విలువెంతో మీరే లెక్కేసుకోండి.

డబ్బు పెట్టి సీటు కొనుక్కోవడం పాపమని నేననడం లేదు. నికీ లౌడా తన తొలిరోజుల్లో బ్యాంకు అప్పు చేసి సీటు సంపాదించుకున్నాడు, తర్వాత మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. పాస్టర్ మాల్డొనాడో వెనెజువెలా ప్రభుత్వ చమురు సంస్థ డబ్బుతో విలియమ్స్‌లో చేరి 2012 స్పెయిన్ గ్రాండ్ ప్రీ గెలిచాడు. వాళ్లు కొంటున్నది ఏమిటో వాళ్లకు తెలుసు. మహిళా డ్రైవర్ల కోసం పెట్టిన ఎఫ్1 అకాడమీ పోటీ 2023లో మొదలైనప్పుడు, ఒక్కో డ్రైవర్ తన వాటాగా లక్షా 50 వేల యూరోలు తేవాలని, అంతే మొత్తం తాము పెడతామని ముందే బయటకు చెప్పింది. అలా చెప్పి అమ్మితే ఎవరికీ ఇబ్బంది లేదు. ఖర్చును ఉద్యోగంగా చూపించి అమ్మడమే మోసం.

నిజంగా జీతం వచ్చే చోట్లు లేవా అంటే ఉన్నాయి, బ్రోచర్‌లో మాత్రం వాటి ఊసే లేదు. కార్ల కంపెనీలు తమ ఎండ్యూరెన్స్ (గంటల తరబడి సాగే రేసులు), జీటీ (రోడ్డు కార్ల నమూనాలో చేసిన రేసు కార్లు) జట్లకు ఫ్యాక్టరీ డ్రైవర్లను పెట్టుకుంటాయి, అది అసలైన ఉద్యోగం. మోటార్ రేసింగ్ అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌ఐఏ ఈ డ్రైవర్లను బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, ప్లాటినం అని వర్గీకరిస్తుంది, బ్రాంజ్ అంటే ఎక్కువగా సరదాకు నడిపేవాళ్లు. ప్రపంచ ఎండ్యూరెన్స్ ఛాంపియన్‌షిప్‌లో జీటీ కార్ల తరగతి అయిన ఎల్‌ఎమ్‌జీటీ3లో కారు దింపాలంటే కనీసం ఒక బ్రాంజ్ డ్రైవర్ ఉండాలి. చాలాసార్లు ఖర్చు పెట్టేది ఆ బ్రాంజ్ డ్రైవరే, అతని పక్కన నడపడానికి వచ్చిన ప్రొఫెషనల్‌కు ఆ డబ్బులోంచే ఫీజు ముడుతుంది. కోచింగ్‌కు రోజుకింత అని తీసుకుంటారు, సిమ్యులేటర్ మీద పనిచేసినందుకు ఇస్తారు. చాలామంది ప్రొఫెషనల్ డ్రైవర్లు బతికేది ఇలాగే. గౌరవమైన సంపాదనే, కాకపోతే వెర్‌స్టాపెన్ అంకె కాదు.

ప్రైజ్ మనీ చూపించినా జాగ్రత్త. అమెరికాలో జరిగే పెద్ద రేసు ఇండీ 500ని 2024లో గెలిచిన జోసెఫ్ న్యూగార్డెన్‌కు 42 లక్షల 88 వేల డాలర్లు అని వార్తల్లో వస్తుంది. అలాంటి డబ్బు మామూలుగా జట్టు ఖాతాకు పోతుంది, డ్రైవర్ వాటా ఎంతన్నది అతని కాంట్రాక్టును బట్టే.

కాబట్టి ఎవరైనా మీకు ఇలాంటి ప్యాకేజీ అమ్మడానికి వస్తే మొదటి ప్రశ్న ఇదే వేయండి: ఈ జీతం ఏ ఖాతా నుంచి వస్తుంది? ‘డ్రైవర్ గానీ, అతని కుటుంబం గానీ, అతను తెచ్చిన స్పాన్సర్ గానీ కట్టిన డబ్బులోంచి జీతం చెల్లించం’ అని ఒక్క వాక్యం అగ్రిమెంట్‌లో చేర్చమనండి. మా తరఫు లాయర్ ఆ మాట అడిగినప్పుడు వాళ్ల మేనేజర్ నోరు మెదపలేదు, హెడ్డాఫీసును అడగాలన్నాడు, మళ్లీ ఫోన్ ఎత్తలేదు. ఇంతకుముందు తమ దగ్గర చేరి జీతం కాంట్రాక్టు తెచ్చుకున్నవాళ్ల పేర్లు అడగండి, వాళ్లతో మీరే నేరుగా మాట్లాడండి. వాళ్లు పంపే వీడియోలు చూసి తృప్తిపడొద్దు. సీటు ఫలానా ఛాంపియన్‌షిప్‌లో అంటే, ఆ నిర్వాహకులు ప్రకటించే ఎంట్రీ లిస్టులో పేరుందో లేదో చూశాకే తర్వాతి వాయిదా. టైర్ల సెట్లు, టెస్టింగ్ రోజులు, ఇంజిన్ అద్దె ఫీజులో కలిసి ఉన్నాయా లేక విడిగా కట్టాలా అన్నది కూడా కాగితం మీదే ఉండాలి. ఏడాది మొత్తం ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తామంటే అస్సలు ఒప్పుకోకండి, డబ్బు చేతులు మారాక మన మాటకు బలం ఉండదు.

మేం రెండో వాయిదా ఆపేశాం, లాయర్ నోటీసు వెళ్లింది. బ్యాంకు స్టేట్‌మెంట్లో వాళ్లు వేసిన ‘జీతం’ ఎంట్రీలు, మేం కట్టిన ఫీజు రసీదులు పక్కపక్కన పెట్టి చూపిస్తే విషయం తేటతెల్లంగా కనిపిస్తోందని ఆయన అన్నారు. ఇప్పటికే ఇలాంటి ఒప్పందం మీద సంతకం పెట్టినవాళ్లుంటే ఈరోజే ఆ కాగితాలు బయటికి తీయండి. ‘రిటైనర్’, ‘డ్యామేజ్ ఖాతా’, ‘లభ్యతను బట్టి’ అన్న మాటలు అనుబంధంలో ఉన్నాయేమో వెతకండి. ఉంటే తర్వాతి వాయిదా గడువు ముంచుకొచ్చేలోపే లాయర్‌కి చూపించండి, ఫోన్‌లో వాళ్లు ఏం చెప్పినా మెయిల్‌లో రాసి పంపమనండి.