మందుల దుకాణంలో మిగ్-21

1963లో మన వాయుసేనలో చేరి, 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో సెలవు తీసుకున్న యుద్ధవిమానం మిగ్-21. బల్ల మీద ఒకటి ఉండాలని 1:72 కొలతలో (అసలులో 72వ వంతు) ముక్కలు అతికించుకునే ప్లాస్టిక్ కిట్టు తెప్పించాను. పాత అచ్చు. తయారీదారు పేరు అనవసరం, ఆ తరం కిట్లన్నీ ఇంచుమించు ఇంతే.

ఆకారానికి వంక పెట్టలేం. అసలు రెక్కల విస్తారం 7.15 మీటర్లు. ఆ లెక్కన బొమ్మకు 99 మి.మీ. పైచిలుకు ఉండాలి, స్కేలు పెట్టి చూస్తే అంతే ఉంది. ఆకారం తప్పితే ఇంట్లో సరిచేయడం మన తరం కాదు. తక్కినవి ఏదోలా చేసుకోవచ్చు. ఆ తక్కినవే బోలెడు! పైలట్ సీటు పేరుతో ఒక ముద్ద ఇచ్చారు. ముక్కు ముందు పొడుచుకొచ్చే, వేగం కొలిచే పిటాట్ గొట్టమైతే అగ్గిపుల్లంత లావు.

మాది ఒంగోలులో మందుల దుకాణం కావడం ఇక్కడ కలిసొచ్చింది. నల్ల మూతి 22 గేజి ఇంజెక్షన్ సూది మందం 0.7 మి.మీ. దాని రంధ్రంలోకి ఇన్సులిన్ సూది చక్కగా దూరుతుంది. మొదట లావు, కొసన సన్నం: అసలు గొట్టం తీరు అదే. సూదిని కటింగ్ ప్లేయరుతో నొక్కారో, నోరు మూసుకుపోతుంది. మూడంచుల ఆకురాయితో చుట్టూ గాటు పెట్టి విరిస్తే గుండ్రంగా తెగుతుంది. సీటు బెల్టులకు మాత్రల స్ట్రిప్పు వెనక రేకును 0.6 మి.మీ. వెడల్పున కోశాను. కొత్త బ్లేడు లేకపోతే అంచు చిరుగుతుంది. పైలట్ గురి చూసే గన్‌సైట్ అద్దం కూడా ఆ స్ట్రిప్పు పైన ఉండే పారదర్శక ముక్కే.

విమానం ఒంటి సగాలు రెండూ సరిగా కలవవు. మార్కాపురం పలక మీద నీటి ఎమ్రీ కాగితం పరిచి అంచులు రుద్దితే దారికొచ్చాయి. ముక్కులో బరువు పెట్టకపోతే బొమ్మ తోక మీద కూలబడుతుంది. సూచనల కాగితంలో ఆ ఊసే లేదు. కొత్తపట్నంలో వలలకు కట్టే సీసపు గుళ్లు తెచ్చి ముక్కులో ఉండే శంకువు లోపల అంటించాను. పైలట్ సీటు మీది అద్దపు మూతకు సూపర్ గ్లూ వద్దు, ఆవిరికి మసకబారుతుంది. చెక్కకు వాడే తెల్ల జిగురు చాలు.

ధర పద్నాలుగు వందలు. సాయంత్రానికల్లా విమానం తయారవ్వాలనే పిల్లలకు కొనకండి. ఆకురాయి పట్టే ఓపిక ఉంటే నిక్షేపంగా తీసుకోవచ్చు. డెకాల్స్ (విమానం మీద అతికించే గుర్తులు) మాత్రం వేరే తెప్పించుకోండి, పెట్టెలోవి పసుపెక్కి ఉన్నాయి.