దానం కోసం కొనే సరుకుల కిట్టు: మూడేళ్లు కొన్నాక నా రివ్యూ

షాపు పేరు చెప్పను, అడగొద్దు. బేగంబజార్‌లో హోల్‌సేల్ కిరాణా కొట్టు, బయట హమాలీలు బస్తాలు దించుతుంటారు, లోపల సేటు గల్లా పెట్టె ముందు కూర్చుని రెండు ఫోన్లలో మాట్లాడుతుంటాడు, అలాంటివి ఆ వీధుల్లో ఎన్నో ఉన్నాయి కాబట్టి ఏది అని ఊహించే పని కూడా పెట్టుకోకండి. ఆ కొట్టులో పేదవాళ్లకి పంచడానికని సరుకులన్నీ ఒకే సంచిలో కట్టి అమ్ముతారు. మొదట్లో రంజాన్ నెలలోనే కట్టేవాళ్లట, కోవిడ్ తర్వాత ఏడాదంతా కడుతున్నారు. మేము 2022 నుంచి కొంటున్నాం. మేము అంటే ట్రస్టూ కాదు సంఘమూ కాదు, నిజాంపేట, బాచుపల్లి వైపు అపార్ట్‌మెంట్లలో ఉండే పరిచయస్తులం. ఒక వాట్సాప్ గ్రూపు, నెలకి మనిషికి వెయ్యి రూపాయలు, లెక్క రాసేది నేను.

అప్పట్లో కిట్టు ధర 1,400. అందులో పది కిలోల సన్నబియ్యం, రెండు కిలోల కందిపప్పు, రెండు నూనె ప్యాకెట్లు, కిలో చక్కెర, ఉప్పు, కారం పావుకిలో, పసుపు, పావుకిలో చింతపండు, టీపొడి, బట్టల సబ్బులు రెండు, ఒంటి సబ్బులు రెండు ఉండేవి. బాగుండేది. మా ఇంట్లో వాడే సరుకు కన్నా ఒక మెట్టు కిందే కానీ, ఎవరి చేతికైనా ఇచ్చేటప్పుడు మొహం చాటేయాల్సిన సరుకు మాత్రం కాదు. ఆ రోజుల్లో అడిగి ఉంటే అయిదుకి అయిదు ఇచ్చేదాన్ని.

ఇప్పుడు కూడా ధర 1,400లే. ఆ మాట సేటు చాలా గొప్పగా చెప్తాడు, మూడేళ్లలో ఒక్క రూపాయి పెంచలేదు మేడమ్ అని. మొన్న ఒక కిట్టు ఇంటికి తెచ్చి, విప్పి, వంటింటి కాంటా మీద ఒక్కొక్కటీ తూచాను. కందిపప్పు ఒక కిలో. అదీ సగం విరిగిన పప్పు, కడిగితే నీళ్లు తెల్లగా పోతూనే ఉన్నాయి. కారం 200 గ్రాములు, రంగే తప్ప ఘాటు లేదు. చింతపండు గింజ తీయనిది, అంటే డబ్బులు పోసి గింజలు కొంటున్నామన్నమాట. నూనె ప్యాకెట్లు రెండే ఉన్నాయి కానీ లీటరువి కావు. లీటరు నూనె అంటే 910 గ్రాములు ఉండాలి, వీటి మీద 850 అని చిన్న అక్షరాల్లో ఉంది. ఇందులో సేటు తప్పు లేదు లెండి, ఫలానా సైజుల్లోనే ప్యాక్ చేయాలన్న పాత నిబంధన ఎత్తేశాక కంపెనీలే ఎవరికి తోచిన బరువు వాళ్లు పెడుతున్నాయి. కానీ ఆ ప్యాకెట్లు ఏరి ఏరి కిట్టులో పెట్టింది మాత్రం ఆయనే.

2023, 2024లలో కందిపప్పు ధర ఎలా మండిందో ఇల్లు నడిపే ఎవరికైనా గుర్తుండే ఉంటుంది. అప్పుడు రెండు కిలోలు ఒక కిలో అయింది, సరే, ఒప్పుకున్నాం. తర్వాత పప్పు ధర దిగింది. కిట్టులో రెండో కిలో మాత్రం తిరిగి రాలేదు. నా అసలు కంప్లయింట్ ఇదే.

ఇన్ని తగ్గినా తగ్గనిది ఒకటుంది. బియ్యం. పది కిలోలకి పది కిలోలు, ఒక గ్రాము కూడా అటూ ఇటూ లేదు. ఎందుకని అడిగితే సేటు దాచకుండానే చెప్పాడు: ‘‘బియ్యం తగ్గిస్తే సంచి చిన్నగా కనిపిస్తది మేడమ్, ఫొటోలో బాగుండదు, పార్టీలు ఒప్పుకోరు.’’ పార్టీలంటే మనమే, కొనేవాళ్లం. తినేవాళ్లు ఆయన లెక్కలో పార్టీ కాదు. తప్పుపట్టలేను, ఆయనకి డబ్బిచ్చేది మనం కదా.

కానీ తెలంగాణలో 2025 ఏప్రిల్ నుంచి రేషన్ షాపులోనే మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. నలుగురున్న ఇంటికి 24 కిలోలు. కార్డు ఉన్న ఇంట్లో ఈరోజు కరువైంది బియ్యం కాదు. పప్పు, నూనె, కూరగాయలు, పాలు, గ్యాస్, ఇంటి అద్దె, పిల్లల స్కూలు ఫీజు, ఇవీ. నాకీ సంగతి ఎలా తెలిసిందంటే, మేము కిట్టు ఇచ్చిన ఒకావిడ బియ్యాన్ని ఇడ్లీ బండి అతనికి అమ్మేసి ఆ డబ్బులతో గ్యాస్ బండ తెచ్చుకుంది. నాకు మొదట కోపం వచ్చింది, అబద్ధమెందుకు. అడగడానికే వెళ్లాను. ఆవిడ డబ్బా మూత తీసి చూపించింది, నిండా రేషన్ బియ్యం. ‘‘అక్కా, ఇవి వండుకోవడానికే పొయ్యి లేదు, మీవి ఏం చేసుకోను’’ అంది. ఇంకేం అంటాం.

అలాగని బియ్యం ఎవరికీ వద్దనీ కాదు. మా వైపు కొత్త బిల్డింగుల దగ్గర రేకుల షెడ్లలో ఉండే ఒడిశా, బిహార్ కూలీలకి బియ్యమే ముందు కావాలి. ఏ రాష్ట్రం కార్డుతోనైనా ఇక్కడ రేషన్ తీసుకోవచ్చని రూల్ ఉంది, కాదనను, కానీ ఆ కార్డు మీద ఊళ్లో ఉన్న అమ్మానాన్నలు తీసుకుంటుంటే వీళ్లు ఇక్కడేం తీసుకుంటారు? కాబట్టి కిట్టు ఒక్కటే, ఇళ్లు రెండు రకాలు. సేటు దగ్గర రెండో రకం కిట్టు లేదు. అడిగితే కడతానంటాడు, యాభైకి తక్కువ ఆర్డరైతే మాత్రం కుదరదంటాడు.

యాభై ఎక్కడి నుంచి తేవాలి? మా కథ వినండి. మొదలుపెట్టినప్పుడు గ్రూపులో 34 మందిమి. ఇప్పుడు డబ్బులు వేసేది 13 మంది. మిగతా వాళ్లలో ఒక్కరు కూడా ‘‘ఇవ్వలేను’’ అని చెప్పలేదు. ఒకరు ‘‘ఈ రెండు నెలలు ఆపుతానండీ’’ అన్నారు, అది ఏడాదిన్నర కిందటి మాట. కొందరు మెసేజ్ చూసి ఊరుకుంటారు. ఇద్దరు పండగ ఫార్వర్డులు మాత్రం తప్పకుండా పంపుతారు. నేనెవర్నీ గుచ్చి అడగను, ఎందుకంటే వీళ్లలో సగం మంది ఐటీ వాళ్లు, ప్రాజెక్టు లేక బెంచి మీద ఎన్ని రోజులున్నారో, ఫ్లాటు ఈఎంఐ ఎంతో నాకు తెలుసు. 2025 జూలైలో టీసీఎస్ దాదాపు 12 వేల మందిని తీసేస్తామని చెప్పిన వారం మా గ్రూపులో డబ్బుల ఊసే ఎవరూ ఎత్తలేదు, అందులో పనిచేసేది మాలో ఇద్దరే అయినా. ఉద్యోగం పోయినవాడే కాదు, పోతుందేమోనన్న టెన్షన్‌లో ఉన్నవాడు కూడా ముందు ఆపేది ఇలాంటి వెయ్యి రూపాయలే. ఓటీటీ కన్నా ముందు ఇదే ఆపుతారు, ఎందుకంటే ఓటీటీ ఆపితే ఇంట్లో పిల్లలు అడుగుతారు.

మాకు ఇస్తూ వచ్చిన ఒకాయనకి కిందటేడాది ఉద్యోగం పోయింది. ఆ నెల వెయ్యి రాలేదు, నేనూ అడగలేదు. పది రోజుల తర్వాత సాయం కోసం కొత్తగా ఒకావిడ పేరు వచ్చింది, రెండిళ్లలో పని పోయిందట. ఎవరిళ్లని అడిగితే అందులో ఒకటి ఆయన ఇల్లే. ఆయన వాళ్లావిడే, నా దగ్గర మొహమాటపడుతూ, ఆ పేరు పంపించింది. మూడేళ్లుగా నేను రాస్తున్న నోటు పుస్తకంలో ఒకే ఇంటి వల్ల ఎడమ వైపు ఇచ్చేవాళ్లలో ఒక పేరు కొట్టేసి కుడి వైపు తీసుకునేవాళ్లలో ఒక పేరు రాయడం అదే మొదటిసారి. తర్వాత ఇంకో రెండుసార్లు జరిగింది. వంట మనిషి, డ్రైవరు, ఇస్త్రీ అతను, పీజీ హాస్టల్లో గిన్నెలు తోమే ఆవిడ, వీళ్లందరి జీతం మా జీతాల్లోంచే వెళ్తుంది, మా దానమూ అందులోంచే. 34 మందిమి ఉన్నప్పుడు మమ్మల్ని అడిగేవాళ్లు పాతికలోపు, 13 మందిమి అయ్యాక నలభై దాటారు.

2020 లాక్‌డౌన్‌లో ఇలా లేదు. అప్పుడు ఎవరు పడితే వాళ్లు ఇచ్చారు, ఎల్బీనగర్‌లో రైస్ ఏటీఎం అని పెట్టి అడిగినవాళ్లకి సరుకులిచ్చారు, గుళ్లూ మసీదులూ గురుద్వారాలూ వండి పెట్టాయి. కష్టం అందరికీ ఒకే రోజు వచ్చింది, రోడ్డు మీద కనిపించింది. ఇప్పటిది అలా కాదు. ఒక్కో ఇంటికి ఒక్కో నెలలో, తలుపేసుకున్నాక వస్తోంది. దీనికి చందా ఎత్తడం చాలా కష్టం, ఫొటో తీయడానికి ఏమీ ఉండదు.

గ్రూపులో ఒకరు 80జీ రసీదు వచ్చేలా రిజిస్టర్ చేయిద్దాం, ట్యాక్స్ తగ్గుతుందంటే ఇస్తారు అన్నారు. కొత్త ట్యాక్స్ పద్ధతిలో దానాలకి మినహాయింపే లేదు, ఇప్పుడు మనం ప్రత్యేకంగా పాతది కావాలని చెప్పకపోతే లెక్క కొత్త దాంట్లోనే పడుతుంది, కాబట్టి ఆ ఆశ కూడా సగం పోయింది. ఇంకొకరు వాళ్ల కంపెనీ సమాజ సేవకి ఇచ్చే సీఎస్‌ఆర్ డబ్బు అన్నారు. అత్త సొమ్ము అల్లుడు దానం అన్నట్టు ఉంటుంది కానీ, వస్తే వద్దంటామా? అది గత మూడేళ్ల లాభాల సగటులో రెండు శాతం, కాబట్టి ఈ ఏడాది దెబ్బ వెంటనే పూర్తిగా తెలియదు, మెల్లగా తెలుస్తుంది. పైగా మాలాంటి వాట్సాప్ గ్రూపుకి ఇవ్వలేరు, రిజిస్టరైన సంస్థలకే ఇవ్వాలి. వింతేమిటంటే ఈ గడ్డు రోజుల్లో కాస్త నిలకడగా ఉన్నది సేటు రంజాన్ ఆర్డర్లే. ముస్లింలు తప్పనిసరిగా ఇచ్చే దానం, జకాత్, దాని లెక్క జీతం మీద కాదు, ఏడాదిగా దగ్గరున్న సొమ్మూ బంగారమూ కలిపి అందులో రెండున్నర శాతం. బంగారం తులం లక్ష దాటితే లెక్క పెరుగుతుందే కానీ తగ్గదు. మా పద్ధతిలో ఆ లెక్కే లేదు, ఈ నెల ఉంటే ఇస్తాం, లేకపోతే లేదు.

సరే, మళ్లీ షాపు సంగతి. సర్వీసు గురించి చెప్పాలంటే, ఆర్డరిచ్చిన రోజుకి కట్టి ఉంచుతారు, ఇందులో ఒక్కసారీ మాట తప్పలేదు. హమాలీ, ఆటో ఖర్చు మనదే. బిల్లు అడిగితే ఇస్తారు, అడగకపోతే తెల్ల కాగితం. ఒకసారి పురుగు పట్టిన పప్పు వచ్చింది, ఫోన్ చేస్తే మారుస్తానన్నాడు కానీ పంచేసిన సంచులు వెనక్కి ఎలా తేవాలి? తీసుకున్నవాళ్లలో ఒక్కరు కూడా మాకు చెప్పలేదు, ఉచితంగా వచ్చిందాన్ని పురుగుందని ఎలా అంటారు పాపం. మేమే ఒక ఇంట్లో చేటలో పోసి ఏరుతుంటే చూశాం. మీరూ ఇలాంటివి కొని పంచేవాళ్లైతే నా మాట విని ప్రతిసారీ ఒక సంచి విప్పించి చూడండి, అదీ పైన పెట్టింది కాదు, అడుగున ఉన్నది. బియ్యం మాత్రం విడిగా 26 కిలోల బస్తా అడగండి, 25 దాకా ప్యాక్ చేసినదానికి అయిదు శాతం జీఎస్టీ ఉంది, 26కి లేదు, అందుకే ఆ వింత సైజు బస్తాలు వచ్చాయి. ఒంటి సబ్బులు కూడా విడిగానే కొనండి, 2025 సెప్టెంబరు 22 నుంచి వాటి జీఎస్టీ 18 నుంచి 5 అయింది కానీ కిట్టు ధరలో అది దిగలేదు.

కార్డున్న ఇళ్లకి కిట్టు మానేశాం. మా వీధి కిరాణా కొట్టులో చీటీ పెట్టాం, ఇంటికి 700 రూపాయలు, వాళ్లకి కావలసింది వాళ్లే తీసుకుంటారు, సారా సిగరెట్లు తప్ప ఏదైనా. బేగంబజార్ కన్నా ధర ఎక్కువే, అయినా పప్పు ఏదో వాళ్లే చూసుకుని తీసుకుంటారు, పురుగుంటే అక్కడే గొడవ పెట్టుకుంటారు. ఇందులోనూ ఒక తిరకాసు వచ్చింది. మొదటి నెలే కొట్టతను ఒకావిడ చీటీలో 300 పాత బాకీ కింద పట్టుకున్నాడు. దెబ్బలాడదామని వెళ్తే ఆవిడే నన్ను ఆపింది: ‘‘వద్దమ్మా, నేనే పట్టుకోమన్నా, బాకీ తీరకపోతే నెలాఖరున అప్పివ్వడు.’’ మేము 700 అనుకున్నది ఆవిడకి 400ల సరుకూ, ఇంకో నెల అరువూ. ఇది మంచో చెడో నాకింకా తేలలేదు, నోటు పుస్తకంలో మాత్రం 700 అనే రాశాను.

కిట్టుకి నా మార్కులు: షెడ్లలో ఉండే కూలీలకైతే అయిదుకి మూడు, కార్డున్న ఇళ్లకైతే ఒకటిన్నర, షాపు మాట నిలకడకి నాలుగు, పప్పుకి సున్నా. షెడ్ల కోసం వచ్చే శనివారం మళ్లీ అదే కొట్టుకి వెళ్తున్నా, తొమ్మిది కిట్లు. రెండో కిలో కందిపప్పు పెట్టకపోతే ఇదే ఆఖరి ఆర్డరని చెప్పాను, పెడతానన్నాడు. తూచాక ఇక్కడే రాస్తాను.