నాలుగేళ్ల బ్లూరే ప్లేయర్, ఆర్నెల్ల కుదుపు

నాలుగేళ్లుగా ఒకే బ్లూరే ప్లేయర్, ఒకే ఫుల్ హెచ్‌డీ టీవీ వాడుతున్నాను. రంగులకీ, స్పష్టతకీ మొదటి రోజు నుంచీ వంక పెట్టడానికి లేదు. కానీ మొదటి ఆర్నెల్లూ ఒక్క విషయం ప్రాణం తీసింది. కెమెరా నెమ్మదిగా పక్కకి తిరిగిందంటే చాలు, బొమ్మ కుదుపులు కుదుపులుగా జరిగేది. మనుషులు కూర్చుని మాట్లాడుకుంటుంటే ఏమీ తెలిసేది కాదు. ఒక సినిమాలో కర్రల కంచె పక్కనుంచి కెమెరా సాగే షాట్ ఉంది. అందులో ప్రతి కర్ర అంచూ రెండుగా కనిపించేది. ఎండ్ టైటిల్స్‌లో పేర్లు పైకి పోతుంటే అక్షరాలు వణికేవి.

అందరూ చెప్పేవన్నీ చేశాను. డిస్కులు తుడిచాను, లెన్స్ క్లీన్ చేశాను, హెచ్‌డీఎంఐ కేబుల్ రెండుసార్లు మార్చాను. ఏమీ మారలేదు. ఎందుకు మారలేదో ఇప్పుడు తెలుసు. డిస్కు మురికిగా ఉంటే బొమ్మ గళ్లుగళ్లుగా చెదురుతుంది, లేదా కాసేపు ఆగిపోతుంది. కేబుల్ పాడైతే చుక్కలు మెరుస్తాయి, లేదా స్క్రీన్ నల్లబడి మళ్లీ వస్తుంది. నాకు వచ్చేది అలాంటిది కాదు. ఏ సినిమా వేసినా ఒకే లయలో, మొదటి నుంచి చివరిదాకా వచ్చే కుదుపు. ఆ లయని పట్టించుకుని ఉంటే రెండు కేబుళ్ల ఖర్చు మిగిలేది.

అసలు చిక్కు లెక్కలో ఉంది. సినిమా సెకనుకి 24 ఫ్రేములు, అంటే 24 విడి బొమ్మలు. ప్లేయర్ టీవీకి పంపుతున్నది సెకనుకి 60. భాగిస్తే రెండున్నర వస్తుంది. సగం ఫ్రేము చూపించడం కుదరదు కాబట్టి ఒక ఫ్రేముని మూడుసార్లు, తర్వాతిదాన్ని రెండుసార్లు పంపుతుంది. ఒకటి 50 మిల్లీసెకన్లు నిలబడితే, దాని పక్కది 33తో సరి. ఒక అంగ పొడుగ్గా, ఒక అంగ పొట్టిగా వేస్తూ నడిచినట్టు.

ప్లేయర్ వీడియో సెట్టింగ్స్‌లో లోపలెక్కడో ‘24పీ అవుట్‌పుట్’ అని ఉంది, సినిమాని 60కి మార్చకుండా సెకనుకి 24 ఫ్రేములుగానే టీవీకి పంపే సెట్టింగ్. నా దాంట్లో అది ఆఫ్‌లో ఉండిపోయింది. ఆటోకి మార్చి అదే డిస్కు వేశాను. స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడింది. రిమోట్‌లో ఇన్ఫో బటన్ నొక్కితే మూలన 1080పీ 24 అని పడింది. కంచె కర్రలు ఒక్కొక్కటీ ఒకే అంచుతో సాగిపోయాయి. ఆ షాట్‌ని వెనక్కి తిప్పి నాలుగైదుసార్లు చూశాను.

ఇది పనిచెయ్యాలంటే టీవీ కూడా కలిసి రావాలి. నా టీవీ ప్యానెల్ 120 హెర్ట్జ్, అంటే తెర సెకనుకి 120 సార్లు బొమ్మ వేస్తుంది, ప్రతి ఫ్రేమూ సరిగ్గా ఐదుసార్లు. 24ని తీసుకుని లోపల మళ్లీ 60కే మార్చుకునే టీవీతో లాభం లేదు. డబ్బా మీద 400, 800 అని వేసే అంకెలు చాలాసార్లు ప్యానెల్ అసలు వేగం కావు, వాటిని నమ్మకండి.

తర్వాత మోషన్ సెట్టింగ్. ట్రూమోషన్, మోషన్‌ఫ్లో, ఆటో మోషన్ ప్లస్ అని ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది. ఇది లేని ఫ్రేముల్ని ఊహించి మధ్యలో చేరుస్తుంది. నా టీవీలో ఎక్కువగా పెడితే కాసేపు నూనె రాసినట్టు జారి, ఉన్నట్టుండి తడబడేది. సినిమాలకి నేను పూర్తిగా ఆపేశాను.

పాత డీవీడీల గొడవ వేరు. పాల్, ఎన్‌టీఎస్‌సీ అని పాత టీవీ పద్ధతులు రెండు. పాల్ డిస్కు 50 హెర్ట్జ్‌ది, ఎన్‌టీఎస్‌సీది 60. ప్లేయర్‌లో ‘టీవీ సిస్టమ్’ అనే సెట్టింగ్ ఎన్‌టీఎస్‌సీ మీద ఉంటే దాన్ని బలవంతంగా 60కి సాగదీసి కుదుపు తెస్తుంది. ఆటో పెట్టాక పోయింది. పాల్‌లో సినిమా సెకనుకి 25 ఫ్రేముల చొప్పున పరిగెడుతుంది కాబట్టి 150 నిమిషాల సినిమా 144కే అయిపోతుంది. అది లోపం అనుకోకండి.

కెమెరా మరీ వేగంగా తిరిగే షాట్లలో కొంత అదురు ఇప్పటికీ ఉంది. అది సెకనుకి 24 ఫ్రేముల్లో తీసిన బొమ్మలోనే ఉన్నది, 24పీ సెట్టింగ్ దాన్ని తియ్యలేదు.

ప్లేయర్ మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఫర్మ్‌వేర్ (ప్లేయర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేశాక 24పీ రెండుసార్లు మళ్లీ ఆఫ్ అయిపోయింది. అందుకే ఇప్పుడు ఏ సినిమా వేసినా ముందు ఇన్ఫో బటన్ నొక్కి, మూలన 24 ఉందో లేదో చూసుకుంటాను.