జాగ్రత్త: హైదరాబాద్‌లో బోటు లైట్లు, లైఫ్ జాకెట్లు కొనబోతున్నవాళ్లకు

రాణిగంజ్ వైపు వెళ్లి బోటు సామాను కొనే ఆలోచన ఉంటే డబ్బులు కట్టే ముందు ఇది చదవండి. 'మెరైన్ నావిగేషన్ లైట్ సెట్' అని అందమైన డబ్బాలో పెట్టిన ఎల్ఈడీ లైట్లు, '100 న్యూటన్' (నీటిలో తేల్చే బలం) అని ముద్ర వేసిన నారింజ రంగు లైఫ్ జాకెట్లు, రెండూ మాకు అంటగట్టారు. రెండూ పనికిరావు. షాపు పేరు రాయను. ఫిర్యాదు నడుస్తోంది, పైగా ఆ సరుకు ఆ ఒక్క షాపులోనే ఉందని నేను అనుకోవడం లేదు. అవే ఫొటోలు, అదే డబ్బా ఆన్‌లైన్‌లో నాలుగైదు పేర్లతో కనిపిస్తున్నాయి.

మాది పదహారు అడుగుల ఫైబర్ బోటు, వెనక అవుట్‌బోర్డ్ ఇంజన్. బోటు కృష్ణ బ్యాక్‌వాటర్ ఒడ్డున, మా బావగారి ఊళ్లో ఉంటుంది. నేను కూకట్‌పల్లిలో ఉంటాను కాబట్టి కొనే పనులన్నీ నావి. అక్కడ చేపల వేటకు తెల్లారకముందే నీళ్లలోకి దిగుతారు. ఆ చీకట్లో పుట్టీలు ఉంటాయి, వేసిన వలలు ఉంటాయి, ఎదురుగా వచ్చే మర పడవలు ఉంటాయి. ఎవరు ఎటు పోతున్నారో తెలిసేది లైటును బట్టే.

షాపులో సెట్ 2,800 అన్నాడు. ముందు భాగానికి ఎరుపు, పచ్చ కలిపిన లైటు ఒకటి, వెనక కడ్డీకి తెల్ల లైటు ఒకటి. డబ్బా మీద '2 ఎన్ఎం', 'ఐపీ 67', ఒక లంగరు బొమ్మ. తయారుచేసినవాళ్ల పేరు గానీ, దిగుమతి చేసినవాళ్ల పేరు గానీ, మోడల్ నంబరు గానీ ఎక్కడా లేవు. అడిగితే "అన్నా, లైటు వెలుగుతుందా లేదా? ఇంకేం కావాలె నీకు?" అన్నాడు. వెంటనే బ్యాటరీకి తగిలించి వెలిగించి చూపించాడు కూడా. వెలిగింది, అందులో అబద్ధం లేదు.

చీకటి పడ్డాక మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద పిట్టగోడ చివర ముందు లైటు పెట్టి, 12 వోల్టుల బ్యాటరీకి కలిపి, చుట్టూ తిరిగి చూశాను. ఎదురుగా నిలబడితే రెండు రంగులూ కనిపించాలి, కనిపించాయి. అక్కడి నుంచి బోటుకు కుడి పక్క అనుకున్న వైపుకు జరిగితే పచ్చ ఒక్కటే మిగలాలి. నేను పూర్తిగా పక్కకు వచ్చేసినా ఎరుపు కనిపిస్తూనే ఉంది. వెనక్కి వెళ్లి చూస్తే రెండూ మసకమసకగా వెలుగుతున్నాయి. మూత విప్పాను. లోపల ఒకటే తెల్ల ఎల్ఈడీ పట్టీ, దాని ముందు సగం ఎర్ర ప్లాస్టిక్, సగం పచ్చ ప్లాస్టిక్. మధ్యలో అడ్డు లేదు. వైరు బయటికి వచ్చే రంధ్రం చుట్టూ హాట్ గ్లూ పూసి వదిలేశారు, రబ్బరు వాషరు లేదు. బకెట్ నీళ్లలో ముంచి తీస్తే అద్దం లోపల చెమట పట్టింది. ఐపీ 67 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లైటు పాడయ్యేంత నీరు లోపలికి పోకూడదు.

పక్క లైట్లకు అడ్డు ఎందుకంత ముఖ్యమో తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఎరుపు బోటుకు ఎడమ, పచ్చ కుడి. ఒక్కో రంగు సరిగ్గా ఎదురు నుంచి మొదలై పక్కకు 112.5 డిగ్రీల వరకే కనిపించాలి. వెనక తెల్ల లైటు విడిగా ఉంటే అది 135 డిగ్రీలు. మూడూ కలిపితే 360. దీని అర్థం ఏ దిక్కు నుంచి చూసినా ఎదుటివాడికి ఒక కచ్చితమైన సమాచారం అందాలి. ఇంజన్ పడవలు రెండు అడ్డంగా దాటుకుంటున్నప్పుడు మనకు కుడివైపు నుంచి వస్తున్న బోటుది ఎర్ర లైటు కనిపిస్తుంది, అప్పుడు తప్పుకోవాల్సింది మనం. పచ్చ కనిపిస్తే తప్పుకోవాల్సింది వాడు. రెండూ ఒకేసారి కనిపిస్తే నేరుగా మన మీదికే వస్తున్నట్టు. నేను కొన్న లైటు ఏ పక్క నుంచి చూసినా 'నేరుగా మీ మీదికే వస్తున్నా' అని చెబుతుంది. లైటు లేకపోతే ఎదుటివాడు కనీసం ఇంజన్ చప్పుడు విని అనుమానంతో నెమ్మదిస్తాడు. ఇలాంటి తప్పుడు లైటు అతన్ని ధైర్యంగా తప్పు దారికి తిప్పుతుంది.

వెనక తెల్ల లైటు సంగతి. 12 మీటర్ల లోపు ఇంజన్ బోటుకు చుట్టూ కనిపించే తెల్ల లైటు ఒకటి, పక్క లైట్లు ఉంటే సరిపోతుంది. ఆ తెల్లది పక్క లైట్ల కంటే కనీసం మీటరు ఎత్తున ఉండాలి. సెట్‌తో ఇచ్చిన కడ్డీ జానెడు. బిగిస్తే ఇంజన్ మూత అడ్డం, నడిపేవాడి తల అడ్డం, పైగా వెలుగంతా ఆయన కళ్లలోకే. '2 ఎన్ఎం' అంటే రెండు నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 3.7 కిలోమీటర్లు. టెర్రస్ మీద దాన్ని కొలవలేం కాబట్టి దాని మీద నేనేమీ అనను. కానీ ఆ మాట డబ్బా మీద ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. నిజంగా పరీక్ష చేయించిన లైటు మీద ఎవరు పరీక్షించారు, ఏ మోడల్, ఎన్ని మైళ్లు, ఏ ప్రమాణం అన్నది లైటు ఒంటి మీదే ఉంటుంది. అమెరికా మార్కెట్ కోసం చేసినవైతే 'యూఎస్‌సీజీ' (అక్కడి కోస్ట్ గార్డ్), 'ఏబీవైసీ ఏ-16' (అక్కడి బోట్ల సంస్థ లైట్ల ప్రమాణం) అని కనిపిస్తాయి. డబ్బా మీద ఉండి లైటు మీద లేకపోతే నమ్మకండి.

ఇక జాకెట్లు. ఒక్కోటి 650. 100 న్యూటన్లంటే సుమారు 10 కిలోల బరువును నీటి మీద నిలపగలగాలి. ఇంట్లో సంపు మూత తీసి, జాకెట్‌కు కిరాణా కొట్టు నుంచి తెచ్చిన 5 కిలోల ఇనుప తూకంరాయి కట్టి దింపాను. సగానికి పైగా మునిగింది, కాసేపటికి అడుగుకు చేరింది. కుట్టు విప్పితే లోపల టీవీ డబ్బాల్లో వచ్చే తెల్ల ప్యాకింగ్ ఫోమ్, అది కూడా ముక్కలు ముక్కలుగా. మధ్యలో ఒక పొర నీళ్లు పీల్చుకుని బరువెక్కింది. భుజాల మీద వెండి రంగు పట్టీ ఉంది చూశారా, అది ఊరికే మెరిసే గుడ్డ. అసలు రిఫ్లెక్టివ్ టేప్ అయితే దూరం నుంచి ఫోన్ ఫ్లాష్ వేసి ఫొటో తీస్తే ట్రాఫిక్ పోలీసు జాకెట్ లాగా తిరిగి మన మీదికే వెలుగు కొడుతుంది. ఇది నల్లగా పడింది. రాత్రి నీళ్లలో పడ్డ మనిషిని టార్చితో వెతికేటప్పుడు ఆధారం ఆ పట్టీయే.

2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటక బోటు మునిగినప్పుడు అందులో హైదరాబాద్, వరంగల్ నుంచి వెళ్లినవాళ్లు కూడా ఉన్నారు. ఆ తర్వాత జాకెట్ వేసుకోలేదేం అని అందరూ అడగడం నేర్చుకున్నారు, మంచిదే. వేసుకున్న జాకెట్ తేలుతుందా అని అడిగేవాళ్లు ఇంకా తక్కువ. ఇంకో మాట, 50 న్యూటన్లది ఈత వచ్చినవాళ్లకు ఆసరా మాత్రమే. ఈత రానివాళ్లకు, పిల్లలకు అది చాలదు. షాపుల్లో రెండింటినీ 'లైఫ్ జాకెట్' అనే అమ్ముతారు.

ఈ విషయం తెలిసిన బోటువాళ్ల దగ్గర చెబితే అందరూ ఒకే మాట అనలేదు. బావగారి ఊళ్లో ఒక పెద్దాయన "మా తాత కాలం నుంచి పుట్టి మీద టార్చిలైటే, ఎవరికి ఏమైంది?" అన్నాడు. నిజానికి పడవల లైట్ల నియమం కూడా ఆయన పక్షానే ఉంది. తెడ్డుతో నడిపే పడవ చేతిలో ఒక తెల్ల టార్చి ఉంచుకుని, ఢీకొనే ప్రమాదం రాకముందే చూపిస్తే సరిపోతుంది. ఇంజన్ తగిలించాక మాత్రం ఆ లెక్క చెల్లదు. ఏడు మీటర్ల లోపు ఉండి, 7 నాట్లు, అంటే గంటకు సుమారు 13 కిలోమీటర్ల వేగం దాటలేని బోటుకు తెల్ల లైటు ఒక్కటీ చాలంటారు. మా ఇంజన్ దానికంటే బాగా ఎక్కువే లాగుతుంది.

ఫామ్‌హౌస్ రిసార్టు కోసం బోటు పెట్టుకున్న ఒకాయన వాదన వేరు. 2021 ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం వచ్చి 1917 నాటి పాత చట్టాన్ని తీసేసింది. ఇంజన్ బోటుకు సర్వే (అధికారి చేసే తనిఖీ), రిజిస్ట్రేషన్, లైట్లు, ప్రాణరక్షణ సామగ్రి, మంటలార్పే సామాను అన్నీ అందులోకి వస్తాయి. "భారమంతా బోటు ఓనరు మీదే కదా, డబ్బా మీద అబద్ధం అచ్చేసేవాణ్ని ఎవరు పట్టుకుంటున్నారు?" అని ఆయన మండిపడ్డాడు. నాకు ఆయన మాటే సబబనిపిస్తోంది. సర్వేకు వచ్చిన అధికారి లైటు ఉందా లేదా చూస్తాడు. అది ఎంత కోణంలో కనిపిస్తుందో, జాకెట్ లోపల ఏ ఫోమ్ ఉందో ఒడ్డున నిలబడి పగటి పూట ఎవరికి తెలుస్తుంది? ఓనరు కాగితం చూపించి బయటపడతాడు, అమ్మినవాడికి ఆ గొడవే లేదు. హుస్సేన్‌సాగర్‌లో సెయిలింగ్ చేసే ఒక కుర్రాడైతే "మేం చీకటి పడకముందే ఒడ్డుకొచ్చేస్తాం అంకుల్, మాకు లైట్లతో పనేంటి" అని తేల్చేశాడు. గాలి ఆగిపోయి మధ్యలో ఇరుక్కుంటే ఏం చేస్తావని అడిగితే నవ్వాడు. ఒక వాటర్‌ప్రూఫ్ టార్చి జేబులో వేసుకో నాయనా అని చెప్పాను.

ఇంకో రకం కూడా ఉన్నారు. లారీలకు పెట్టే ఎల్ఈడీ బార్ లైటు బోటు ముందు బిగించి "నాకు కిలోమీటరు దాకా కనిపిస్తుంది" అని మురిసిపోతారు. ఎదుటివాడికి ఆ వెలుగు తప్ప మీ బోటు కనిపించదు. ఒకసారి కళ్లలో పడితే చీకటికి మళ్లీ పూర్తిగా అలవాటు పడటానికి అరగంట దాకా పట్టొచ్చు. ఎరుపు, నీలం మిణుకుమిణుకుమనే ఫ్లాషర్లు పెట్టేవాళ్ల గురించి చెప్పాలంటే ఇంకో పోస్టు రాయాలి.

బిల్లు విషయానికి వస్తే, నాకిచ్చింది 'ఎస్టిమేట్' అని ఉన్న తెల్ల కాగితం. అందులో 'బోట్ సామాన్ 1 సెట్' అని రాసి ఉంది. జీఎస్టీ బిల్లు వాట్సాప్‌లో పంపుతానన్నాడు, పంపలేదు. తిరిగి తీసుకెళ్తే "విప్పిన సరుకు వాపసు లేదు, కావాలంటే ఇంకో సెట్ తీస్కో" అని అదే డబ్బా ముందు పెట్టాడు. ఫోన్‌పేలో కట్టిన రుజువు, అతను వాట్సాప్‌లో '100 న్యూటన్ ఒరిజినల్' అని రాసిన మెసేజ్, సంపులో తీసిన వీడియో పెట్టి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకు కాస్త నయం, ఏ దేశంలో తయారైందో అమ్మే పేజీలోనే చూపించాలి. అది లేని పేజీలో కొనకండి.

ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ కూడా అదే షాపులో చూపించాడు గానీ తీసుకోలేదు. సిలిండర్ మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 15683 నంబరు, మీటరు ముల్లు పచ్చ గీత మీద ఉండటం, ఈ మూడూ చూసుకోండి. 2025 జనవరి 26న హుస్సేన్‌సాగర్‌లో బాణసంచా అంటుకుని బోట్లు కాలిపోయాక దీని గురించి ఎవరికీ వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

మళ్లీ కొన్న లైట్లు విశాఖ నుంచి తెప్పించాను. ధర రెట్టింపు దాటింది. ఈసారి డబ్బు పంపే ముందే లైటు వెనక లేబుల్ దగ్గరగా ఫొటో తీసి పంపమన్నాను, మోడల్ నంబరు బిల్లు మీద రాయించాను. టెర్రస్ మీద పెట్టి చుట్టూ తిరిగితే పక్కకు రాగానే ఎరుపు కత్తితో కోసినట్టు ఆగిపోయింది. జాకెట్లు ఇంకా దొరకలేదు. బిల్లుతో, లేబుల్‌తో, 10 కిలోల తూకంరాయి పరీక్షకు ఒప్పుకునే షాపు నగరంలో మీకెవరికైనా తెలిస్తే చెప్పండి. పాత జాకెట్లు ఎవరికీ ఇవ్వలేదు. ఫిర్యాదు తేలేదాకా కుట్లు విప్పినవి విప్పినట్టే ఉంచాను, మిగతా వాటి మీద మార్కర్‌తో 'వాడకూడదు' అని రాశాను.